వీధి పిల్లి కంటికి పుసి కట్టింది: ఏ మందు వేయాలి, ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న
కృష్ణలంక వాసి, విజయవాడ

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంటు సెల్లారులో చాలాకాలంగా తిరుగుతున్న ఒక ఆడ పిల్లికి ఎడమ కన్ను బాగా పాడైంది. మొదట్లో కన్ను నీరు కారుతూ ఉండేది. ఇప్పుడు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో చిక్కటి పుసి కట్టి రెప్పలు అంటుకుపోతున్నాయి. కన్ను తెరిచినప్పుడు ముక్కు వైపు మూల నుంచి ఎర్రగా ఉబ్బిన పొర ఒకటి వచ్చి కంటిని సగం వరకు కప్పి ఉంటోంది. వెలుతురులోకి వస్తే ఆ కన్ను పూర్తిగా మూసుకుంటుంది. తుమ్ములు కూడా మొదలయ్యాయి, కుడి కన్ను చెమ్మగిల్లుతోంది. అన్నంలో చేప కలిపి పెడితే వాసన చూసి వెళ్ళిపోతోంది.

పొరుగువారు ప్రేమతోనే తలా ఒక వైద్యం చెబుతున్నారు. నందివర్ధనం పూల రసం పిండమని ఒకరు, పసుపు నీళ్ళతో కడగమని ఒకరు, బాలింత పాలు రెండు చుక్కలు వేయమని మరొకరు అన్నారు. మందుల దుకాణంలో అడిగితే మనుషులకు వేసే చుక్కల మందు ఒకటి ఇచ్చారు. సీసా మీద సిప్రోఫ్లాక్సాసిన్, డెక్సామెథాసోన్ అని రెండు పేర్లు ఉన్నాయి. తెలిసినవారిని అడగకుండా వేయడం ఇష్టం లేక సీసా తెరవలేదు.

ఈ మందు వేయవచ్చా? ఈ లోపు కన్ను ఎలా శుభ్రం చేయాలి? దగ్గరికి వస్తుంది గానీ ఒళ్ళు తాకనివ్వదు, అలాంటి పిల్లిని పట్టుకోవడం ఎలా? ఇంట్లో చిన్న పాప ఉంది కనుక మాకు ఏమైనా అంటుకుంటుందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది. మా సంఘంలో ఒకరిద్దరు దానిని గోనెసంచిలో వేసి ఊరి చివర వదిలేద్దామంటున్నారు. అది జరగకముందే దానికి వైద్యం చేయించాలన్నది నా తపన.


సమాధానం
విశాఖ వాసి

మీరు సీసా తెరవకుండా అడగడం చాలా మంచి పని. మందు సంగతి డాక్టర్లు చెప్పాలి. నేను మా వీధిలో పిల్లులకు తిండి పెడుతూ తెలుసుకున్న ప్రథమ చికిత్స వరకు చెబుతాను.

కంటిని శుభ్రం చేయడానికి మందుల దుకాణంలో దొరికే 0.9 శాతం సాధారణ సెలైన్ సీసా ఒకటి చాలు. అది దొరకనప్పుడు ఒక లీటరు నీటిని బాగా మరిగించి అందులో తొమ్మిది గ్రాముల ఉప్పు కరిగించి, గోరువెచ్చగా చల్లారిన తరువాత వాడుకోవచ్చు. ఏ పూటకు ఆ పూట కొత్తగా చేసుకోవడం మేలు. ఎండిన పుసిని గోటితో గానీ పొడిగుడ్డతో గానీ లాగకూడదు. తడిపిన గాజుగుడ్డను రెప్పల మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచితే అది దానంతట అదే మెత్తబడుతుంది, అప్పుడు ముక్కు వైపు నుంచి బయటివైపుకు ఒకసారి తుడిచి ఆ గుడ్డను పారేయాలి. ఒక కంటికి వాడిన గుడ్డ రెండో కంటికి తాకకూడదు. దూది కన్నా గాజుగుడ్డ మంచిదనడానికి కారణం, దూది పోగులు కంట్లో చిక్కుకుంటే ఆ ఒరిపిడికి మంట ఇంకా ఎక్కువవుతుంది.

నందివర్ధనం పూలను మూసిన కళ్ళ మీద చలువకు పెట్టుకోవడం మన ఇళ్ళలో తరతరాల అలవాటే. ఆ పూల మొక్కను తుంచితే పాలు కారుతాయి. శుభ్రపరచని రసాన్ని, అందులోనూ ఆ పాలు కలిసినదాన్ని, పుండు పడిన కంటి లోపల పిండడం వేరే సంగతి. పసుపు నీళ్ళలో కరగకుండా మిగిలే నలుసులు కంటిని గీస్తాయి. చనుబాలలోని చక్కెర సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అందువల్ల ఈ మూడూ వద్దు.

తిండి మానేయడాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు. ముక్కు మూసుకుపోయి వాసన తెలియకపోతే పిల్లి తినదు, కొద్ది రోజులు పూర్తిగా తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకుండా నెత్తళ్ళనో కవ్వలనో ఉడికించి, ముళ్ళు తీసి, ఆ ఉడికిన నీళ్ళతోనే వేడివేడిగా వాసన వచ్చేటట్లు పెట్టి చూడండి. అన్నం తగ్గించి చేప వంతు ఎక్కువ చేయండి. ఆవుపాలు చాలా పిల్లులకు అరగవు, విరేచనాలైతే ఉన్న నీరసం మరింత పెరుగుతుంది.


సమాధానం
విశ్రాంత పశువైద్యుడు, తెనాలి

అమ్మా, ముందుగా ఆ సీసా సంగతి. అందులోని రెండో మందు, డెక్సామెథాసోన్, ఒక స్టెరాయిడు. మీరు చెప్పిన కంటికి దానిని వేయకూడదు.

కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లనే మన ఊళ్ళలో చాలా పిల్లులు కళ్ళు పోగొట్టుకుంటున్నాయి. నల్లగుడ్డు మీద గడియారం ముఖం మీది అద్దంలా పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, దానినే కార్నియా అంటాము. పిల్లుల్లో కళ్ళకలకకు అన్నిటికన్నా ముఖ్యమైన కారణం ఫెలైన్ హెర్పిస్ వైరస్. ఇది రెప్పల లోపలి పొరతో ఆగకుండా కార్నియా మీద కూడా సన్నని కొమ్మల ఆకారంలో పుండ్లు చేయగలదు. పోట్లాటలో తగిలిన గోటి గీత వల్ల, కంట్లో చిక్కుకున్న గడ్డి మొన వల్ల కూడా అక్కడ పుండు పడుతుంది. స్టెరాయిడు కంటిలోని ఎరుపునూ వాపునూ వెంటనే తగ్గిస్తుంది కనుక చూసేవారికి కన్ను బాగుపడుతున్నట్లే కనిపిస్తుంది. లోపల మాత్రం వైరస్‌ను అదుపు చేసే రక్షణశక్తిని అది అణచివేస్తుంది, పుండు మానే ప్రక్రియను ఆపుతుంది, కార్నియాను కరిగించే ఎంజైముల పనిని పెంచుతుంది. చివరికి పొర చిల్లుపడి కన్ను తీసేయవలసిన స్థితి రావచ్చు. కీటోరోలాక్, ఫ్లర్బిప్రొఫెన్ వంటి నొప్పి తగ్గించే చుక్కలు స్టెరాయిడులు కాకపోయినా పుండు మానడాన్ని ఆలస్యం చేస్తాయి కనుక అవి కూడా వైద్యుడు చూడకుండా వేయదగినవి కావు.

మన మందుల దుకాణాల్లో యాంటిబయాటిక్‌తో స్టెరాయిడు కలిపిన చుక్కలే ఎక్కువగా చేతికి వస్తాయి. అందువల్ల ఎవరు ఇచ్చినా, ఎంత నమ్మకమున్న దుకాణమైనా, సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, లోటిప్రెడ్నోల్, ఫ్లోరోమెథొలోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చదివిన తరువాతే మూత తీయాలి.

కార్నియా మీద పుండు ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ఫ్లోరెసీన్ అనే రంగుతో చేసే పరీక్ష ఉంది. రంగు అద్దిన కాగితపు పట్టీని తడిపి కంటికి తాకించి, కడిగి, నీలి వెలుతురులో చూస్తే పుండు ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. కొన్ని నిమిషాల పని, నొప్పి ఉండదు. వెలుతురు చూడలేక కన్ను మూసుకోవడం కార్నియా దెబ్బతిన్నదనడానికి ముఖ్యమైన సూచన కనుక మీ పిల్లికి ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. మీరు చెప్పిన ఎర్రని పొర పిల్లికి సహజంగా ఉండే మూడో రెప్ప. నొప్పి ఉన్నప్పుడు, వాచినప్పుడు అది బయటికి వస్తుంది. దానిని లాగడం, తోయడం చేయవద్దు.

తుమ్ములు ఉన్నాయి, ఒక కంటి తరువాత రెండో కన్ను అంటుకుంది కనుక హెర్పిస్, క్లమీడియా, క్యాలిసివైరస్, మైకోప్లాస్మా అనే నాలుగు సూక్ష్మక్రిముల్లో ఒకటో రెండో కలిసి ఉండవచ్చు. క్లమీడియా సాధారణంగా ఒక కంటితో మొదలై కొద్ది రోజుల్లో రెండో కంటికి వస్తుంది, రెప్పల లోపలి పొర బాగా ఉబ్బుతుంది. దానికి చుక్కల మందు ఒక్కటే చాలదు, డాక్సీసైక్లిన్ అనే మందును నోటి ద్వారా నాలుగు వారాలపాటు ఇవ్వవలసి ఉంటుంది. మోతాదు బరువును బట్టి డాక్టరు రాస్తారు. మీరు గుర్తుంచుకోవలసినవి రెండు. డాక్సీసైక్లిన్ మాత్రను ఒట్టిగా మింగిస్తే అది అన్నవాహికలో ఇరుక్కుని ఆ భాగాన్ని కాల్చి ఇరుకు చేస్తుంది, కాబట్టి మాత్ర వెనుక సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీరు గానీ కొంచెం తిండి గానీ తప్పక లోపలికి వెళ్ళాలి. రెండవది, పాలలోనో పెరుగులోనో కలిపితే వాటిలోని కాల్షియం మందును పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. చేపలో కలపడమే సరైనది. ఒకసారి పొడిస్తే రెండు వారాలు పనిచేసే యాంటిబయాటిక్ ఇంజెక్షన్ ఉందని, వీధి పిల్లికి అది సులభమని ఎవరైనా చెప్పవచ్చు. అది చర్మం మీది పుండ్లకు ఉపయోగపడుతుంది గానీ క్లమీడియాను పూర్తిగా తొలగించలేదు.

కన్ను నీలంగా మసకబారినా, పువ్వు వేసినట్లు తెల్లమచ్చ కనిపించినా, గుడ్డు ముందుకు పొడుచుకువచ్చినా, రక్తం కారినా, ఈగలు వాలి పురుగులు పడినా ఆ రోజే తీసుకువెళ్ళండి. జ్వరంగా ఉందని పారాసెటమాల్ మాత్రం ఏ రూపంలోనూ ఇవ్వవద్దు. మనుషుల మాత్ర ఒక్కటి పిల్లిని చంపడానికి చాలు.

మీకు ఇరవై కిలోమీటర్ల దూరంలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. కళాశాల ఆసుపత్రిలో పరీక్షలకు సౌకర్యం ఉంటుంది, విద్యార్థులకు పాఠం చెబుతూ చూస్తారు కనుక కంటిని తీరికగా పరిశీలిస్తారు. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పల్లెల్లోని పశువుల కోసం ఉద్దేశించినది. కంటి పరీక్షకు పిల్లిని ఆసుపత్రికే తీసుకువెళ్ళడం మంచిది.


సమాధానం
సికింద్రాబాదు గృహిణి

డాక్టరుగారు మందుల సంగతి చెప్పారు కనుక నేను పట్టుకోవడం, ఉంచడం గురించి రాస్తాను. వీధి పిల్లికి కంటి వైద్యం సగంలో ఆగిపోవడానికి అసలు కారణం మందు దొరకకపోవడం కాదు. చుక్కలు రోజుకు నాలుగైదుసార్లు వేయాలి, స్వేచ్ఛగా తిరిగే పిల్లి ఆ వేళలకు మన ముందు ఉండదు. అందువల్ల కన్ను బాగుపడేవరకు దానిని ఒక గదిలోనో, స్నానాలగదిలోనో, పెద్ద బోనులోనో ఉంచడానికి చోటు చూసుకున్న తరువాతే పట్టుకునే ప్రయత్నం మొదలుపెట్టండి.

అంతకన్నా ముందు ఒక్క విషయం చూడండి. అది ఆడ పిల్లి అన్నారు. పొట్ట కింద చనుమొనలు ఉబ్బి, వాటి చుట్టూ వెంట్రుకలు ఊడి కనిపిస్తే దానికి ఎక్కడో కూనలు ఉన్నాయని అర్థం. అటువంటి తల్లిని ఒంటరిగా బంధిస్తే కూనలు ఆకలితో చనిపోతాయి. తిండి తిన్న వెంటనే ఏ దిక్కుకు వెళుతుందో దూరం నుంచి గమనించండి.

పట్టుకోవడానికి గట్టి ప్లాస్టిక్ పెట్టె, అంటే ముందూ పైనా తెరుచుకునే పెంపుడు జంతువుల పెట్టె, ఎవరి దగ్గరైనా అరువు తీసుకోండి. రోజూ తిండి పెట్టే వేళకే, అదే చోట, పెట్టె తలుపు తెరిచి కట్టివేసి తిండిని దాని గుమ్మం దగ్గర పెట్టాలి. అలవాటు పడినకొద్దీ గిన్నెను లోపలికి జరుపుతూ పోవాలి. పట్టుకునే రోజున ముందు పూట తిండి తగ్గించి, వాసన బాగా వచ్చే చేపను లోపలి చివర పెట్టండి. పిల్లి లోపల ఉండగా తలుపు వేసి వెంటనే దుప్పటి కప్పితే చీకటిలో అది త్వరగా నెమ్మదిస్తుంది. వెంటపడి మూలకు తరిమి పట్టుకోవడం వద్దు. భయపడిన పిల్లి మళ్ళీ ఆ చోటికి రాదు, వచ్చినా మిమ్మల్ని నమ్మదు.

మందు వేసేటప్పుడు మందపాటి తువ్వాలుతో మెడ వరకు చుట్టి, నాలుగు కాళ్ళూ లోపలే ఉండేటట్లు చూసి, దాని వీపు మీ వైపు ఉండేలా ఒడిలో పెట్టుకోండి. తలను కొంచెం పైకి ఎత్తి, వెనుక నుంచి చేయి తెచ్చి, పై రెప్పను వేలితో లాగి చుక్క వేయాలి. ఎదురుగా సీసా వస్తుంటే ఏ జంతువైనా బెదురుతుంది. సీసా మొన కంటికి గానీ వెంట్రుకలకు గానీ తాకితే మందంతా కలుషితమవుతుంది. రెండు రకాల చుక్కలు రాస్తే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. ఆయింట్‌మెంటు కూడా ఉంటే దానిని అన్నిటికన్నా చివర వేయాలి.

గోనెసంచి మాట ఎత్తినవారికి మర్యాదగానే చెప్పండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం శిక్షార్హమైన నేరం. మా అపార్ట్‌మెంటులో ఈ మాటతో పాటు, పిల్లికి వైద్యం అయ్యాక సంతాన నిరోధక శస్త్రచికిత్స కూడా చేయిస్తామని మాట ఇచ్చాము. అభ్యంతరం చెప్పినవారిలో కొందరు ఖర్చులో పాలు పంచుకున్నారు కూడా.


అడిగినవారి మరో ప్రశ్న
కృష్ణలంక వాసి

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. సికింద్రాబాదు అమ్మగారు చెప్పినట్లు గమనిస్తే అనుమానం నిజమైంది. మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనుక పాత అట్టపెట్టెల మధ్య మూడు కూనలు ఉన్నాయి. రెండింటి కళ్ళు ఇప్పుడిప్పుడే తెరుచుకుంటున్నాయి. మూడో దాని కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి, కానీ కుడి రెప్ప కింద గోళీ పెట్టినట్లు ఉబ్బి, మూల నుంచి కొద్దిగా చీము కనిపిస్తోంది. కళ్ళు తెరిచే వయసు వచ్చేవరకు దానిని అలా వదిలేయవచ్చా? తల్లిని, కూనలను కలిపి తీసుకువెళ్ళవచ్చా?


సమాధానం
విశ్రాంత పశువైద్యుడు, తెనాలి

వదిలేయకూడదమ్మా. ఇప్పుడు తల్లి కన్నా ఆ కూన కంటిదే ఎక్కువ తొందర.

పిల్లి కూనలు పుట్టిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య కళ్ళు తెరుస్తాయి. తల్లి నుంచి సోకిన సూక్ష్మక్రిములు మూసిన రెప్పల వెనుక చేరితే చీము బయటికి పోయే దారి ఉండదు. అది లోపలే నిలిచి కార్నియాను తినేస్తుంది. కళ్ళు తెరిచే వయసు ఇంకా రాకపోయినా అటువంటి రెప్పలను తెరిచి చీమును బయటికి పంపవలసిందే. ఇది పశువైద్యుడి చేతుల మీదుగా జరగడమే సరైనది కనుక రేపు ఉదయమే బయలుదేరండి. ఈ లోపు మీరు చేయగలిగింది, గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డను ఆ రెప్ప మీద కొన్ని నిమిషాల చొప్పున పలుమార్లు ఆనించడం. తడికి మెత్తబడి ముక్కు వైపు మూల కొంచెం విచ్చుకుంటే చీము దానంతట అదే కారుతుంది, దానిని తుడిచేయండి. గోరు, పిన్ను, కత్తెర వంటి వాటితో తెరిచే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఆలస్యమైతే చూపు పోవడం ఒక్కటే కాదు, మూడో రెప్పా కంటిపొరా ఒకదానికొకటి అతుక్కుపోయి జీవితాంతం అలాగే ఉండిపోతాయి.

తల్లిని, కూనలను ఒకే పెట్టెలో తీసుకువెళ్ళండి. ముందు తల్లిని పట్టుకుని, తరువాత కూనలను చేర్చండి. కూనలను ముందు తాకితే తల్లి వాటిని రాత్రికి రాత్రి వేరే చోటికి మార్చేయవచ్చు. చిన్న కూనలు ఒంటి వేడిని తమంతట తాము కాపాడుకోలేవు. ఒక సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచండి, వేడి ఎక్కువైతే అవతలికి జరగడానికి చోటు కూడా ఉండాలి. తల్లి పాలిస్తోందని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. కొన్ని మందులు పాలలోకి వెళతాయి, దానిని బట్టి ఆయన మందునూ మోతాదునూ నిర్ణయిస్తారు. ఎన్రోఫ్లాక్సాసిన్ వంటి మందు మోతాదు మించితే పిల్లుల రెటీనా (కంటి వెనుక తెర) దెబ్బతిని చూపు పోతుంది కనుక నోటి మందులేవీ మనుషుల లెక్కన వేయవద్దు.


సమాధానం
ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సు, గుంటూరు జిల్లా

పాప గురించి అడిగిన ప్రశ్నకు ఎవరూ ఇంకా జవాబు చెప్పలేదు కనుక రాస్తున్నాను. పిల్లుల హెర్పిస్, క్యాలిసివైరస్‌లు మనుషులకు అంటవు. పిల్లుల క్లమీడియా మాత్రం చాలా అరుదుగా మనుషులకు కళ్ళకలక కలిగించిన సందర్భాలు ఉన్నాయి. మందు వేసిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఆ చేతులతో కళ్ళు నలుపుకోకపోవడం, తువ్వాలు విడిగా ఉంచడం, బాగయ్యేవరకు పాపను ఆ గదిలోకి రానివ్వకపోవడం సరిపోతుంది. క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు రాస్తే చేతి తొడుగులు వేసుకుని వాడండి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది గోటి గీతల గురించి, పంటి గాట్ల గురించి. మన దేశంలో రేబిస్ కుక్కల వల్లనే ఎక్కువగా వచ్చినా పిల్లి కాటునూ రక్కునూ అదే జాగ్రత్తతో చూడాలి. ఎంత చిన్న గీతైనా, రక్తం రాకపోయినా, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, పసుపు, సున్నం ఏవీ అద్దవద్దు, కట్టు కట్టవద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి, టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే వాటితో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే ఇంజెక్షన్) కూడా వేయవలసి ఉంటుంది. మీ వల్ల ఒక ప్రాణం నిలబడుతోంది. ఆ పనిలో మీ ప్రాణాన్ని లెక్కచేయకపోవడం సరికాదు, అందుకే ఇంత వివరంగా రాశాను.


అడిగినవారి మాట
కృష్ణలంక వాసి

అందరినీ కలిపి గన్నవరం తీసుకువెళ్ళాము. కూన కన్ను తెరిచి చీము తీశారు, కార్నియా ఇంకా బాగానే ఉందని చెప్పారు. కూనలకు ఆయింట్‌మెంటు ఇచ్చారు. తల్లి ఎడమ కంటిలో రంగు పరీక్ష చేస్తే పైపైన ఉన్న పుండు ఒకటి కనిపించింది. స్టెరాయిడు లేని టోబ్రామైసిన్ చుక్కలు, నోటికి మందు రాసి, మళ్ళీ చూపించమన్నారు. ప్రస్తుతం వాటిని మా వెనుక గదిలో ఉంచాము. కన్ను రుద్దుకోకుండా తల చుట్టూ గరాటులా ఉండే మెడపట్టీ ఇచ్చారు, దానిని తల్లికి తొడిగితే అది కూనలను నాకలేకపోతోంది, తీస్తే కాలితో కన్ను రుద్దుకుంటోంది. ఏం చేయాలి? అలాగే, ఇది మళ్ళీ మళ్ళీ వస్తుందని విన్నాను. లైసిన్ పొడి పెడితే రాదంటున్నారు, నిజమేనా? సెల్లారులో మరికొన్ని పిల్లులు కూడా ఉన్నాయి.


సమాధానం
విశ్రాంత పశువైద్యుడు, తెనాలి

చాలా సంతోషం అమ్మా. సకాలంలో తీసుకువెళ్ళారు.

గట్టి ప్లాస్టిక్ మెడపట్టీకి బదులు మెత్తటి గుడ్డతో చేసినది దొరుకుతుందేమో చూడండి. కూనలను నాకే వేళల్లో, పాలిచ్చే వేళల్లో మీరు ఎదురుగా కూర్చుని పట్టీ తీయండి, అది కన్ను రుద్దుకోబోతే దృష్టి మళ్ళించండి, మిగతా సమయంలో తొడిగి ఉంచండి. గదిలో వెలుతురు తగ్గిస్తే కంటి బాధ తగ్గి రుద్దుకోవడం కూడా తగ్గుతుంది. కూనలు మలమూత్రాలు విసర్జించడానికి మూడు వారాల వయసు దాటేవరకు తల్లి నాకడం అవసరం కనుక రోజంతా పట్టీతో ఉంచకూడదు.

పైపైన ఉన్న పుండు సరైన మందుతో వారం రోజుల ప్రాంతంలో మానాలి. అలా మానకపోతే హెర్పిస్‌ను అనుమానించి వైద్యులు ఫామ్‌సైక్లోవిర్ వంటి మందు గురించి ఆలోచిస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మనుషుల హెర్పిస్‌కు వాడే వాలాసైక్లోవిర్ పిల్లులకు ప్రాణాంతకం, ఎసైక్లోవిర్ మాత్రలు కూడా వాటికి విషమే. పేర్లు దగ్గరగా ఉన్నాయని దుకాణంలో ఒకదానికి బదులు మరొకటి ఇస్తే తీసుకోవద్దు.

హెర్పిస్ సోకిన పిల్లిలో ఆ వైరస్ నరాల ముడిలో జీవితాంతం దాగి ఉంటుంది. చోటు మారినప్పుడు, ప్రసవించినప్పుడు, పోట్లాటల్లో, తిండి లేక నీరసించినప్పుడు మళ్ళీ బయటపడుతుంది. మీ పిల్లికి ప్రసవం తరువాత ఇది రావడంలో ఆశ్చర్యం లేదు. లైసిన్ దీనిని ఆపుతుందని ఒకప్పుడు మేము కూడా రాసేవాళ్ళం. తరువాతి పరిశోధనలను కలిపి పరిశీలిస్తే దానివల్ల ప్రయోజనం కనిపించలేదు. ఆ డబ్బును మంచి తిండికి వాడండి.

మిగతా పిల్లుల విషయంలో, ఈ కుటుంబం వాడిన గిన్నెలు, గుడ్డలు కిందికి పంపవద్దు. హెర్పిస్ వైరస్ బయట ఒక రోజుకు మించి బతకదు గానీ క్యాలిసివైరస్ నెల వరకు ఉండగలదు. గిన్నెలను, నేలను ముందు సబ్బుతో కడిగి, తరువాత ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై రెండు పాళ్ళ నీళ్ళు కలిపి పది నిమిషాలు ఉంచి, మళ్ళీ మంచినీళ్ళతో కడగండి. ఫినాయిలు మాత్రం పిల్లులు తిరిగే చోట వాడకూడదు, దానిలోని ఫినాల్ జాతి రసాయనాలు వాటికి విషం. కింద ఉన్నవాటిలో ఏ పిల్లి కన్ను చెమ్మగిల్లినా ఇప్పుడే చూపించండి, ఆరంభంలో పని తేలిక.

కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పిల్లుల మూడు వ్యాధుల టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాల వయసు వరకు కొనసాగించాలి. రేబిస్ టీకా పన్నెండు వారాలు దాటాక వేయిస్తారు. మూడు వ్యాధుల టీకా హెర్పిస్‌ను పూర్తిగా అడ్డుకోలేకపోయినా జబ్బు తీవ్రతను బాగా తగ్గిస్తుంది. కూనలు పాలు మానిన తరువాత తల్లికి శస్త్రచికిత్స చేయించండి. అదే మత్తులో చెవి కొనను గుర్తుగా కొంచెం కత్తిరిస్తారు, దానివల్ల ఎవరూ దానిని మళ్ళీ పట్టుకుని ఇబ్బంది పెట్టరు.

చివరిగా, కన్ను తెరిచి చూస్తోంది కదా అని చుక్కలు ఆపేయకండి. రంగు పరీక్ష మళ్ళీ చేసి ఆకుపచ్చ మరక ఏమీ లేదని డాక్టరు చెప్పేవరకు చుక్కలు వేయాలి. నోటి మందు ఎన్ని వారాలు రాస్తే అన్ని వారాలూ పూర్తి చేసిన తరువాతే తల్లిని తిరిగి సెల్లారులోకి వదలండి.